మినరల్ బోరు

మా ఊళ్ళో మినరల్ అంటే నీళ్ళు. ఏ నిఘంటువులోనూ ఈ అర్థం దొరకదు గానీ, మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదే. "మినరల్ అయిపోయింది" అంటే ఇంట్లో తాగడానికి చుక్క లేదని. "వాళ్ళు మినరలే తాగుతారు" అంటే కాస్త కలిగినవాళ్ళని. పెళ్ళి బంతిలో వడ్డించేవాడు జగ్గు పట్టుకుని "మినరలా, మామూలా" అని అడుగుతాడు. మా వైపు భూమిలోని నీళ్ళలో ఫ్లోరిన్ ఎక్కువ. పళ్ళు గారపట్టడం, మోకాళ్ళు బిగుసుకుపోవడం మాకు కొత్త విషయాలు కావు. అందుకే క్రోసూరు నుంచి ఆటోలో వచ్చే క్యాన్ల కోసం పొద్దున్నే గుమ్మాల్లో నిలబడతాం. ఆ ఆటో వెనక "మినిరల్ వాటర్" అని రాసి ఉంటుంది. అది మినిరల్ కాదు, మినరల్ అని ఆ ఆటో అతనికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నోరు తెరిచేసరికి, "రాత తప్పయినా నీళ్ళు మంచియ్యే గదా మేష్టారూ" అని క్యాన్ దించి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. బడి వదిలినా జబ్బు వదల్లేదు. ఫ్లెక్సీ బోర్డు మీద తప్పు కనిపిస్తే చెయ్యి ఎర్రసిరా పెన్ను కోసం జేబు తడుముతుంది. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు తప్పులు చూసి, తర్వాత ముహూర్తం చూస్తానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఇంత పట్టింపు ఉన్నవాణ్ణి, సరిదిద్ది తీరవలసిన రోజున ఒక్క మాట సరిదిద్దలేదు. ఆ సంగతి రాద్దామనే ఇవాళ కూర్చున్నాను.

మా ఎదురింటి పిన్ని నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మా ఆమే కలిసి పత్తి తీతకు వెళ్ళేవాళ్ళు, అక్కా చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు, అలా ఆమె నాకు పిన్ని అయింది. ఇప్పుడు డెబ్బై దాటింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. గుట్ట కింద ఎకరన్నర ఎర్రనేల ఉంది. అందులో రెండుసార్లు బోరు వేయించింది. రెండుసార్లూ దుమ్మే లేచింది. చుట్టుపక్కల నీళ్ళున్నవాళ్ళు మిరప పెడుతుంటే, ఆమె వానను నమ్ముకుని ఏటా పత్తి వేసేది. పక్క చేలో కాయ కోతకు కూలికి వెళ్ళినప్పుడల్లా, ఒక్క ఏడాదైనా తన చేలో తన కాయ కోసుకోవాలని అనేది. ఆమె కోరికలేవని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

ఆమెకు చదువు రాదు. ఆస్పత్రి చీటీ గానీ, కరెంటు బిల్లు గానీ, బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చిన మెసేజ్ గానీ ఏదైనా సరే తెచ్చి నా చేతిలో పెట్టి, మా అరుగు మీద కూర్చుని "ఏంది నాయనా ఇది" అనేది. నేను చదివి చెప్పిందాకా కదిలేది కాదు. చెప్పాక ఇంకొకరిని అడిగేది కాదు. ఊరంతా నన్ను మేష్టారూ, మీరూ అంటారు. పెద్దవాళ్ళు కూడా. ఈమె ఒక్కతే నాయనా, నువ్వూ అనేది. నేను ఉద్యోగంలో చేరినప్పుడూ అంతే, రిటైరైనప్పుడూ అంతే.

ఒక వేసవిలో పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. దాని వెనక సంగతి నేను పేపర్లో చదివే ఉన్నాను. సెల్‌ఫోన్లకూ, బ్యాటరీ బండ్లకూ, గాలిమరలకూ కావలసిన కొన్ని ఖనిజాలను మనం బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. వాళ్ళు ఇవ్వం అంటే ఇక్కడ పని ఆగిపోతుంది. అందుకని వాటిని కీలక ఖనిజాలని ఒక జాబితా కట్టి, మన నేలలోనే వెతికి తీసుకునేందుకు గనుల చట్టాన్ని మార్చారు. మంచి పనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. మా అల్లుడు కొన్న బ్యాటరీ స్కూటర్ వెనక కూర్చుని నరసరావుపేట వెళ్ళివచ్చేవాణ్ణి, కాదని ఎలా అంటాను. ఢిల్లీలో చేసిన చట్టం మా గుట్ట దాకా నడిచి వస్తుందని మాత్రం ఊహించలేదు.

నోటీసులో "క్రిటికల్ మినరల్స్ అన్వేషణ నిమిత్తము గుట్ట పరిసర భూములలో బోర్లు వేయబడును" అని ఉంది. రాసినవాడు ఖనిజాలు అని ఒక్క మాట రాసి ఉంటే ఈ కథ లేదు. ఇంగ్లీషును తెలుగు అక్షరాల్లోకి దించి చేతులు దులుపుకున్నాడు. చదవగలిగినవాళ్ళు పైకి చదివారు, మిగిలినవాళ్ళు విన్నారు, సాయంత్రానికల్లా ఊరంతా ఒక అర్థానికి వచ్చింది. మినరల్ అంటే ఏమిటో తెలుసు. క్రిటికల్ అన్నా తెలుసు, పేటలో పెద్దాస్పత్రి డాక్టరు ఐసీయూ తలుపు దగ్గర నిలబడి చెప్పే మాట అది. బోరు గురించి మా ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన నీళ్ళ పరిస్థితి క్రిటికల్‌గా ఉందని ప్రభుత్వానికి ఇన్నాళ్ళకు తెలిసొచ్చింది, మినరల్ బోర్లు వేస్తున్నారు. వాటర్ ప్లాంటు పెడతామని అంతకుముందు మాటిచ్చి పోయినవాళ్ళు ఉండనే ఉన్నారు కాబట్టి, ఈ అర్థం అందరికీ అతికినట్టు సరిపోయింది.

నాకు నవ్వొచ్చింది. అప్పుడే రచ్చబండ దగ్గరకు వెళ్ళి ఇది అది కాదర్రా అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ వారం సత్తెనపల్లిలో పెన్షనర్ల మీటింగుకు వెళ్ళి, ఈ సంగతే కథగా అల్లి అందరినీ నవ్వించాను. ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒక లెక్కల మేష్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "మరి మీరు చెప్పలేదా వాళ్ళకి" అని అడిగాడు. "చెబుదాంలే" అన్నాను.

కొన్నాళ్ళకు సర్వేవాళ్ళు వచ్చారు. ఆఫీసరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. ఆయన కింద సూపర్‌వైజరుది కృష్ణకు అవతలి ఒడ్డు. గుట్ట కింద కొన్ని చేలలో బోర్లు దించాలి, అందుకు రైతులు ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలి. అందరూ పెట్టారు, పిన్ని ఒక్కతే మిగిలింది. మా నాయన, అంటే నేను, చదివి చెబితేనే వేలు పెడతానందట. వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. ఆఫీసరు నన్ను సర్ అన్నాడు. రిటైరయ్యాక ఆ మాట ఇంగ్లీషు వచ్చినవాళ్ళ నోట వినబడటం తగ్గిపోయింది. నేను కుర్చీలు వేయించి, టీ ఇప్పించి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా బయటికి తీసి మాట్లాడాను. ఆమె నా మాట కాదనదనీ, ఐదు నిమిషాల పనేననీ చెప్పాను. ఆమెను అడగకముందే ఆమె తరఫున నేనే ఒప్పేసుకున్నానని అప్పుడు తట్టలేదు.

కబురు పెడితే చేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చింది. కాగితం నా చేతిలో ఉంది. ఆమె కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"ఏంది నాయనా ఇది? అందరూ అనుకునే మినరల్ బోరేనా?"

ఖనిజం అనే మాట నేను బడిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఖని నుంచి పుట్టినది ఖనిజం, జలం నుంచి పుట్టినది జలజం అని బోర్డు మీద రాసి క్లాసంతటి చేతా పైకి చెప్పించేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు చెబితే, అంటే ఏంది అని అడుగుతుంది. నేలలో రాగి లాంటివి ఉన్నాయేమో చూస్తారని చెబితే, ఉంటే నా చేను ఏం చేస్తారని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు కోసం ఆఫీసరును అడగాలి, ఆయన చెప్పింది ఆమెకు చెప్పాలి, ఆమె ఆలోచించుకుంటానంటుంది, ఐదు నిమిషాల పని అన్న నా మాట పోతుంది. ఆయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు.

"అదేలే పిన్నీ, మినరల్ బోరే" అన్నాను.

"నీళ్ళు పడితే మనకి వదిలేసి పోతారా?"

"వదలక, మూట గట్టుకుని పోతారా?"

ఆమె నవ్వింది. కాగితం మీద నేను చూపించిన చోట వేలిముద్ర వేసింది.

ఆ పూటంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నేను అన్నది అబద్ధం కాదు. మినరల్ కొరకు బోరు, మినరల్ బోరు. చతుర్థీ తత్పురుషం, వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఆమె అడిగింది నీళ్ళ గురించని తెలిసి, ఆమెకు అర్థం కాని సమాసం వెనక దాక్కున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పిల్లల పేపర్లో ఇలాంటి అతితెలివి కనిపిస్తే సున్నా వేసేవాణ్ణి.

తొలకరి పడింది. ఊరంతా పత్తి గింజలు వేసుకుంటుంటే పిన్ని వేయలేదు. చేను దున్నించి అలాగే ఉంచి, ఇంటి పక్కన మడి కట్టి మిరప నారు పోసింది. బోరు పడేసరికి నారు చేతికొస్తుందని ఆమె లెక్క. పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే ఎదురుగా ఆమె నీళ్ళ చెంబు పట్టుకుని మడి చుట్టూ వంగి తిరగడం కనిపించేది. బట్టలు ఉతికిన నీళ్ళు పారబోయక, తేరిన తర్వాత అవీ మడికే పోసేది. ఒకరోజు మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఆమెకు మీరు సరిగ్గానే చెప్పారా" అని అడిగింది. నీకెందుకు అన్నాను. అంత విసురుగా అనవలసిన పని లేదు. అప్పటికి విత్తనం వేసే అదను ఇంకా దాటలేదు. అరుగు దిగి పది అడుగులు వేసి, పిన్నీ అది నీళ్ళ బోరు కాదు, పత్తి వేసుకో అని చెబితే సరిపోయేది. ఆ పది అడుగులు వేయలేదు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తెలియక వేయలేదు.

మిషను వచ్చింది. మేం ఎరిగిన బోరు బండి కాదు. చప్పుడు తక్కువ, పని నిదానం, తవ్వడానికే నీళ్ళు కావాలి. ట్యాంకరు వచ్చి నీళ్ళు పోసి పోయేది. నీళ్ళ కోసం నీళ్ళు పోస్తారేందని పిన్నికి అనుమానం వచ్చింది గానీ, పెద్ద మిషను కదా అని తనే సమాధానం చెప్పుకుంది. లోపలి నుంచి రాయి గుండ్రంగా, రోకలి ముక్కల్లా బయటికి వచ్చేది. దాన్ని తుడిచి, లోతు రాసి, పొడుగు పెట్టెల్లో వరసగా పేర్చేవాళ్ళు. ఆమె పనివాళ్ళకు రోజూ మజ్జిగ పట్టుకెళ్ళేది. ఒకరోజు నేనూ అటు వెళ్తే, మన బోర్లలో రాయి ఇవతల పారేస్తారు గదా, వీళ్ళు బిడ్డని పండుకోబెట్టినట్టు పెట్టుకుంటారేంది అని అడిగింది. పరీక్ష చేయడానికి అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

పని ముగిసిన మర్నాడు ఆమె మా ఇంటికి బెల్లం ముక్క పట్టుకుని వచ్చింది. గొట్టాలు పైకి తీశాక బోరులో చిన్న రాయి వేసి చూసిందట. బుడుంగుమంది నాయనా, చెవులారా విన్నా అని, మా ఆవిడ నోట్లో బెల్లం పెట్టి, నా చేతిలో పెట్టింది. మూడోసారి వేసిన బోరుకు నీళ్ళు పడ్డాయి, సొంత డబ్బు పెట్టకుండా పడ్డాయి. ఆమె మొహం నేను అలా ఎన్నడూ చూడలేదు. బెల్లం నోట్లో వేసుకోలేక, చేతిలో పట్టుకునే చేను వైపు నడిచాను. సూపర్‌వైజరును పక్కకు పిలిచి, ఈ ఒక్క బోరు వదిలేయండి, ముసలామె ఆశ పెట్టుకుంది అని బతిమాలాను. అతను మంచివాడు. నన్ను బోరు దగ్గరకు తీసుకుపోయి చూపించాడు. నా పిడికిలి దూరేంత ఉంది, అంతే. మోటారు దిగదు. పైగా పని కాగానే పూడ్చి, దిమ్మె కట్టి, ఫోటో పంపాలి, అది రూలు. నేను ముందే చెప్పి ఉన్నా, అడిగి ఉన్నా, ఆ బోరు ఎప్పటికీ నీళ్ళ బోరు కాదు.

మేం మాట్లాడుతుండగానే పిన్ని వచ్చింది. పనివాళ్ళు సిమెంటు కలిపి బోరులోకి పోస్తున్నారు. ఆమె కాసేపు నిలబడి చూసింది. నన్ను అడగలేదు. అతన్ని అడిగింది.

"ఇది దేనికి తవ్వారు బాబూ?"

"లోపల రాగి ఉన్నదేమో చూడనీకి అమ్మా. నీళ్ళకు కాదు. సార్ చెప్పలేదా?"

ఆమె నా వైపు తిరగలేదు.

"చెప్పాడులే. నాకే అర్థం గాలేదు" అంది.

ఇన్నేళ్ళలో నన్ను తిట్టినవాళ్ళున్నారు. ఏ తిట్టూ ఆ మాటలా నాలో నిలిచిపోలేదు. తన నష్టం తన కళ్ళ ముందు సిమెంటుతో కప్పేస్తుంటే, పరాయివాడి ముందు నా పరువు కాపాడింది. అప్పుడైనా, కాదు, నేనే చెప్పలేదు అని నోరు తెరవచ్చు. తెరవలేదు. చేతిలో బెల్లం కరిగి వేళ్ళకు అంటుకుంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను.

ఆ ఏడు ఆమె చేను బీడు పడింది. పత్తి అదను ఎప్పుడో దాటిపోయింది. నారు పీకి, బోరున్న పక్క చేను రైతుకు ఊరికే ఇచ్చేసింది. ముదిరిపోతే ఎవరికీ పనికిరాదు గదా అందట. ఆ మిరప ఆ ఏడాది విరగకాసింది. కోతకు కూలి మనుషులు కావలసివచ్చి అందరినీ పిలిస్తే, పిన్ని కూడా వెళ్ళింది. తను పెంచిన మొక్కల కాయ తనే కూలికి కోసింది. సంచి నడుముకు కట్టుకుని మా అరుగు ముందు నుంచే నడిచి వెళ్ళేది.

కాగితాలు తేవడం మానేసింది. కరెంటు బిల్లు గ్రామ సచివాలయంలో చదివించుకునేది, ఆస్పత్రి చీటీ మందుల షాపులో అడిగేది. తగాదా లేదు, ఎదురైతే మొహం తిప్పుకోవడం లేదు. మా ఆవిడతో ఎప్పటిలాగే మాట్లాడేది. నాతో మాట్లాడే పని పెట్టుకోలేదు, అంతే. నేను మూడుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళాను. ఒకసారి తాళం వేసి ఉంది. ఒకసారి చుట్టాలున్నారు. మూడోసారి ఆమె ఒక్కతే ఉంది, మంచం మీద కంది గింజలు బాగుచేసుకుంటోంది. మినరల్ ఆటో వచ్చిందా అని మా ఆవిడ కనుక్కోమంది అని చెప్పి వచ్చేశాను. ఎన్ని మాటలుండగా ఆ మాటే నోటికొచ్చిందేమిటా అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఏడాది దాటాక గ్రామసభ పెట్టారు. గుట్టలో వెతికినవాళ్ళకు ఏదో కనిపించిందట, ఆ భాగాన్ని తవ్వకానికి వేలం వేసే ఆలోచన ఉందట, ఊరివాళ్ళు చెప్పేది వినడానికి బెల్లంకొండ నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎవరూ అడగకముందే సర్పంచ్ ఇంటికి వెళ్ళి, తెలుగు చేసి నేను చదువుతానన్నాను. వారం రోజులు కూర్చుని రాశాను. తెలియనివి ఫోన్లు చేసి అడిగి తెలుసుకున్నాను. ఒక్క ఇంగ్లీషు మాట రానివ్వలేదు. ఎర్రసిరాతో నా రాత నేనే దిద్దుకున్నాను.

సభలో గొంతు సరిచేసుకుని చదివాను. ఖనిజం అంటే నేల లోపల రాయిలో ఉండేది. తాగే నీళ్ళకూ దీనికీ సంబంధం లేదు. కీలకం అంటే అవి లేకపోతే దేశానికి పని జరగదని. ఇప్పటిదాకా జరిగింది వెతకడం, ఇక జరగబోయేది తవ్వడం, రెండూ ఒకటి కావు. మీ చేను పోతుందా, పోతే ఏమిస్తారు, నీళ్ళు ఏమవుతాయి అని అడిగే హక్కు మీకుంది, జవాబు వచ్చిందాకా వేలు పెట్టకండి. అందరూ కదలకుండా విన్నారు. నా బతుకులో ఇంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు. చెబుతున్నంతసేపూ, ముందు వరుసలో చాప మీద కూర్చున్న పిన్ని నా నోటి వైపే చూస్తోంది.

ఎవరికైనా సందేహాలుంటే అడగమని ఆఫీసరు అన్నాడు. పిన్ని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"ఈ ఖనిజం అనే మాట మీకు అప్పుడు తెలీదా మేష్టారూ?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. తెలియదు పిన్నీ అని ఉంటే నమ్మి కూర్చునేది, పేపరు చదివి తర్వాత నేర్చుకున్నాననుకునేది. ఆ దారి ఆమే నాకు వదిలిపెట్టింది, బోరు దగ్గర వదిలిపెట్టినట్టే.

"తెలుసు పిన్నీ" అన్నాను.

ఆమె తల ఊపి కూర్చుంది. ఆఫీసరు ఏమిటని అడిగితే, ఏదో మాటకు అర్థం అడిగిందని సర్పంచ్ చెప్పాడు. తర్వాతి మనిషి లేచి పరిహారం గురించి అడిగాడు. సభ అయ్యాక చాలామంది వచ్చి, బాగా విడమర్చి చెప్పారు మేష్టారూ అన్నారు. ఆ పిలుపు వాళ్ళ నోట రోజూ వినేదే. ఆమె నోట వినడం మాత్రం అదే మొదటిసారి, ఆ తర్వాత ఆమె నన్ను ఇంకోలా పిలవలేదు.